రెండొందల ఏడో దీపం

శేషగిరి చెయ్యి విరిగిన రోజున మంగతాయారు రెండుసార్లు భయపడింది. మొదటిది డిపో నుంచి ఫోనొచ్చినప్పుడు. "మీ ఆయన బస్సు మెట్టు మీద నుంచి జారాడమ్మా, పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం" అన్నారెవరో. ఆ ఫోను ఆమెకి కొత్తేం కాదు. ఇరవై మూడేళ్ళుగా ఆయన కండక్టరు సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దాటిన ప్రతిసారీ అది మోగుతుందనే చూస్తోంది. పోనీ చెయ్యే కదా, తల కాదు కదా అని కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది.

రెండోసారి భయపడింది కూతురి మొహం చూసి.

హిమజ కాలేజీ నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. తండ్రి చెయ్యి వాచి సొరకాయలా ఉంది. ఆయన పళ్ళు బిగబట్టి, కూతురు బెదురుతుందేమోనని నవ్వబోతున్నాడు. ఆ పిల్ల మంచం పక్కన నిలబడి, బస్టాండులో బోర్డు చదివినట్టు చూసింది. "కట్టు ఎప్పుడు కడతారంట?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతే. నాన్న గడ్డం గీసుకుంటూ గాటు పెట్టుకుంటే వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చిన పిల్ల ఇదేనా అని మంగతాయారు ఒళ్ళు జలదరించింది.

దీనికంతటికీ కారణం కూతురి మణికట్టుకున్న ఆ నీలం పట్టీ అని ఆమెకి గట్టి నమ్మకం.

పట్టీ వచ్చిన రోజునే ఆమె చాలా ఊహించింది. వానలో తడిస్తే షాకు కొడుతుందనుకుంది. నరాలు చచ్చుబడతాయనుకుంది. రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరేమోనని కూడా అనుకుంది. అవేవీ జరగలేదు. జరిగినది మాత్రం ఆమె ఊహకి కూడా రాలేదు.

మంగతాయారు పదో తరగతి తప్పింది. తెనాలిలో ఇంటి వరండాలోనే మిషను పెట్టుకుని చీరలకి ఫాల్సు, పీకో కుడుతుంది. అంచు పట్టుకుంటే చాలు, ఈ చీర ఎన్నిసార్లు ఉతికారో చెప్పగలదు. కూతురు డిగ్రీ ఆఖరి ఏడాది. ఆ కూతురు చెవుల్లో పెట్టుకుని వినే కథ ఒకటుంది, 'ఉప్పుటేటి దీపం' అని. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఒంటరిగా దీపం కాసే పిల్ల కథ. ఎవరో ఫోనులో వారం వారం వినిపించి, అరవై నాలుగో భాగం దగ్గర ఆపేశారు. రెండేళ్ళయింది, అరవై ఐదు రాలేదు. వినేవాళ్ళు మాత్రం చెదిరిపోలేదు. తమని తామే 'దీపాలు' అని పిలుచుకుంటూ, ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కడెక్కడి వాళ్ళో ఫోనులో చేరి పాత భాగమే మళ్ళీ వింటారు. ఎవరి పేర్లూ ఉండవు, నంబర్లే. హిమజది రెండొందల ఏడు. వరసలో ప్రతి దీపం వెలిగితే తప్ప కథ మొదలు కాదు. ఒకసారి ఆదోనిలో ఎవరికో కరెంటు పోతే, మిగిలిన వాళ్ళందరూ నలభై నిమిషాలు నోరెత్తకుండా కూర్చున్నారట.

ఆ సంగతి విని విశాఖపట్నంలో ప్రయోగశాల నడిపే వైదేహి అనే డాక్టరు మూడొందల పన్నెండు మందికి ఈ పట్టీలు పంపింది. మణికట్టుకి కట్టుకుంటే నాడి పట్టుకుంటుంది. ఒకరి గుండె జల్లుమంటే అందరికీ తలా కాస్త జల్లుమంటుంది. ఒకరి గొంతు పూడుకుంటే అందరూ గుటక మింగుతారు. మొదట శుక్రవారం గంటసేపే కట్టుకునేది హిమజ. తర్వాత సాయంత్రాలు. ఇప్పుడు స్నానానికి తప్ప తియ్యదు. గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఉన్నట్టుండి నవ్వుతుంది. "ఏందే?" అంటే, "నాకు కాదమ్మా, ఎవరికో" అంటుంది.

"అందులో ఏముందే అంత?" అని అడిగింది మంగతాయారు ఒకనాడు.

"నేను రాకపోతే వాళ్ళు కథ మొదలుపెట్టరు."

"అంతేనా?"

"అంతే. కాలేజీలో మూడేళ్ళయింది. నేను రాకపోతే బెంచీ మీద పక్కమ్మాయి కాస్త విశాలంగా కూర్చుంటుంది."

"నువ్వు రాకపోతే నేను అన్నం తినను కదే."

"నువ్వు తినవు. భయంతో తినవు. వాళ్ళు ఇష్టంతో ఆగుతారు."

మంగతాయారు చీర అంచు సూది కిందకి జరిపింది. పీకో మిషను తొక్కుతూ కూర్చుంది. గుచ్చుకున్నది సూది కాదు.

తర్వాత పది రోజులకి కాగితం వచ్చింది. ఇక పట్టీలు ఆపేసి, బియ్యపు గింజంత వస్తువు చర్మం కింద పెడతారట. సోమవారంలోగా సంతకం పెట్టి పంపాలట.

"తర్వాత తియ్యాలంటే?" అంది మంగతాయారు.

"తియ్యడం ఉండదు."

"హిమా, మీ నాన్న చెయ్యి విరిగితే నీకు ఏమీ అనిపించలేదే!"

"అనిపించిందమ్మా. అందరికీ తలా కాస్త వెళ్ళింది. మోసేవాళ్ళు ఎక్కువమందైతే బరువు ఉండదు. దానికి సంతోషించాలి గానీ."

"మన ఇంటి ఏడుపు ఊరందరికీ పంచి, మనకి ఏం మిగిల్చావే?"

హిమజ దానికి కోపం కూడా తెచ్చుకోలేదు. అదే మంగతాయారుని ఎక్కువ భయపెట్టింది. ఇరవయ్యేళ్ళ పిల్లకి తల్లి మీద కోపం కూడా రాకపోతే ఇంకేం మిగిలినట్టు?

గురువారం పొద్దున్నే బస్సు కిటికీ కొక్కేనికి తగులుకుని పట్టీ రెండంగుళాల మేర చిరిగింది. శుక్రవారం హిమజకి ప్రాక్టికల్సు. పొద్దున బయల్దేరుతూ పట్టీని, దాంతో పాటే వచ్చిన వెండి దారం ఉండని తల్లి మిషను బల్ల మీద పెట్టింది.

"నాలుగింటికల్లా కుట్టేసి ఉంచమ్మా. చేత్తోనే కుట్టు. వేరే దారం కలపకు. ఫోను కూడా ఇక్కడే పెడుతున్నా, లోపలికి తీసుకుపోనివ్వరు. మూడున్నరకి అయిపోతుంది, వచ్చేస్తా."

మధ్యాహ్నం ఇంటిపని అయ్యాక మంగతాయారు కత్తెర చేతిలోకి తీసుకుంది. ఒక్క గాటు చాలు. పోయిందమ్మా, చీకిపోయిన బట్ట, కుట్టు నిలవలేదు అనొచ్చు. బట్ట సంగతి హిమజకి ఏం తెలుస్తుంది? కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చేతికొచ్చిన పని చెడగొట్టి ఇవ్వడం మాత్రం ఆమెకి ఈ జన్మలో అలవాటు లేదు. కత్తెర పక్కన పెట్టి సూదిలోకి దారం ఎక్కించింది.

వెండి దారం మొండిది, ముడి నిలవదు. మూడు గంటలకి మొదలుపెడితే నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఆఖరి కుట్టు పడింది. ఏ పట్టీ కుట్టినా, చంటిపిల్లల గౌను పట్టీ అయినా సరే, తన ఎడమ మణికట్టుకి చుట్టి బిగువు చూసుకోవడం ఆమె అలవాటు. ఇరవయ్యేళ్ళ అలవాటు కదా, చెయ్యి ఆమెని అడిగి చెయ్యదు. చుట్టింది, కొస పట్టుకుని లాగింది.

బల్ల మీద ఫోనులో రెండొందల ఏడో దీపం వెలిగింది.

"అయ్యయ్యో" అని విప్పబోయింది. అంతలోనే వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఒక చెయ్యి కూడా కాదది. పెళ్ళింట్లో ఆలస్యంగా అడుగుపెడితే, పందిట్లో అందరూ ఒక్కసారి తలలు తిప్పి 'వచ్చిందిరా' అని మొహాలు విప్పార్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మంగతాయారుకి అలాంటి పెళ్ళి ఎప్పుడూ తగల్లేదు. ఆరుగురు పిల్లల్లో నాలుగోది తను. ఆమె వస్తే ఎవరో ఒకరు పని పురమాయించేవాళ్ళు గానీ, వచ్చినందుకు సంబరపడినవాళ్ళు లేరు. 

కథ మొదలైంది. ఇప్పుడు తీసేస్తే కథ ఆగిపోతుంది, పిల్లకి మాట వస్తుంది అని తనకి తనే చెప్పుకుంది. ఎవరో ఎక్కడో వేడి టీ తాగుతున్నారు, ఆ వెచ్చదనం ఈమె గుండెల్లో దిగింది. ఏటి మొగలో దీపం కాసే పిల్ల తుఫాను వేళ మెట్లెక్కుతోంది. ఎవరికో ఒళ్ళు గగుర్పొడిచింది, ఈమె చేతి మీద వెంట్రుకలు లేచాయి.

నాలుగూ పది. హిమజ రాలేదు.

మంగతాయారు గడియారం చూసింది. ఇక మొదలైంది. ప్రాక్టికల్సులో యాసిడ్ సీసా పగిలిందేమో. కళ్ళలో పడిందేమో. కళ్ళజోడు పెట్టుకుందో లేదో. ఆటో ఎక్కిందా, కాలవ గట్టు మీద ఆ ఆటోలు ఎలా పోతాయో తనకి తెలియదా. ఫోను కూడా తీసుకుపోలేదు, ఎవరికి చెప్తారు, ఒంటి మీద కాగితం ఏదైనా ఉందా, పేరు ఎలా తెలుస్తుంది. రోజూ పడే భయమే. రోజూ ఆమె ఒక్క గుండె లోపలే తిరిగే భయం, ఇవాళ పట్టీ గుండా బయటికి పోయింది.

ఫోనులో దీపాలన్నీ ఒక్కసారి రెపరెపలాడాయి. కథ మధ్యలో ఆగిపోయింది. ఎవరెవరో ఒకేసారి మాట్లాడుతున్నారు. "ఏమైంది?" "ఎవరికి ఏమైంది?" "నాకు గుండె దడదడలాడుతోందండీ." ఒకడు కదిరి యాసలో "ఒరే, ఉండండ్రా, మా ఇంటికి ఫోను చేసి వస్తా" అన్నాడు.

తర్వాత ఆ భయం తిరిగి వచ్చింది. పోయినంత రాలేదు. మూడొందల పన్నెండు చేతులు మారి, ఉతికి ఆరేసిన పాత పంచెలా పలచబడి వచ్చింది. మంగతాయారు ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ పీల్చుకుంది. ఛాతీ లోపల ఇంత చోటుందని ఆమెకి తెలియదు. గడియారంలో నాలుగూ ఇరవై అయింది, పిల్ల రాలేదు, అయినా ఏమీ కాలేదు. వస్తుందిలే అనుకుంది. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. కథ మళ్ళీ మొదలైంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"అమ్మా."

హిమజ గుమ్మంలో నిలబడి ఉంది. చున్నీ నిండా మట్టి. ఎడమ మోకాలి దగ్గర డ్రెస్సు చిరిగి, రక్తం పాదం దాకా కారింది.

"అమ్మా, కాలవ వంతెన దగ్గర ఆటో తిరగబడింది."

"అయ్యో" అంది మంగతాయారు. "కడుక్కోపో. కథ అయిపోవస్తోంది."

హిమజ కదల్లేదు. "అమ్మా, రక్తం."

"చూశాన్లే. పసుపు పెట్టుకో."

హిమజ అలాగే చూసింది. పదినిమిషాలు ఆలస్యమైతే వీధి చివరి దాకా వచ్చి నిలబడే అమ్మ. తుమ్మితే జ్వరం, దగ్గితే క్షయ అనే అమ్మ. ఆ అమ్మ గోడకి ఆనుకుని, మొహం మీద ముడత లేకుండా, చక్కగా కూర్చుని ఉంది. అప్పుడు మణికట్టున పట్టీ కనపడింది.

ఒక్క అంగలో వచ్చి లాగేసింది. మంగతాయారు "ఆఁ" అని అరిచింది, నిద్దర్లో మంచం మీద నుంచి పడ్డట్టు. మరుక్షణం మొత్తం వచ్చి మీద పడింది. "తల్లీ! రక్తమే! తలకి తగిలిందా? వాంతి వచ్చిందా? ఇటు చూడు, నా వేళ్ళెన్ని? ఆటో వాడు తాగాడా? నువ్వెలా నడిచొచ్చావే, ఎముక విరిగిందేమో, అయ్యో నేనేంటి కూర్చున్నాను, నేనేంటి, పసుపు పెట్టుకోమన్నానా?" మోకాలు ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.

"అమ్మా." హిమజ గొంతు సన్నబడింది. "నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా మొహం కూడా ఇలాగే ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. మంగతాయారు చెప్పలేదు. "ఇలాగే ఉందమ్మా."

పట్టీ చేతికి లేక రెండు రోజులవుతోంది హిమజకి. లోపల ఏదో ఒక్కొక్క అడుగే వెనక్కి వస్తున్నట్టుంది. ఉన్నట్టుండి పెద్దగా అరిచింది. "అది నాది! ఎవరు పెట్టుకోమన్నారు నిన్ను? ఈ ఇంట్లో నీ భయం తప్ప ఇంకోటి పట్టదు, నాకంటూ ఉన్నది అదొక్కటి, అందులోకి కూడా వచ్చావా?" మిషను బల్లని కాలితో తన్నింది. దారపు ఉండలు వరండా అంతా దొర్లాయి. మంగతాయారు దారపు ఉండలు ఏరుకుంటూ విన్నది. ఇంత కోపం చూసి ఎన్నాళ్ళయిందో. ఇదంతా ఒక్క తనకే, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు.

అంతలో శేషగిరి గేటు తీసుకుని వచ్చాడు, మెళ్ళో వేలాడే కట్టు చేత్తో. "ఏందే మంగా, ఈ కేకలు? ఏమైందమ్మా మోకాలికి?"

హిమజ ఆయన వంక చూసింది. కట్టు వంక చూసింది. "నాన్నా, నొప్పిగా ఉందా?" అని అడిగి, ఆ మాట పూర్తికాకుండానే వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

శేషగిరి బిత్తరపోయాడు. "ఇరవై రెండు రోజులకి అడిగావు తల్లీ. ఇప్పుడు నొప్పి లేదు, దురదే. కావాలంటే దురదకి ఏడువు." పక్కన చతికిలబడి, బాగున్న చేత్తో కూతురి తల నిమురుతూ భార్యతో అన్నాడు, "ఇద్దరూ ఏడుస్తున్నారంటే ఇల్లు మామూలైనట్టేలే."

శనివారం వైదేహి డాక్టరు ఫోను చేసింది. మర్యాదగానే మాట్లాడింది. "మంగతాయారు గారూ, నిన్న వచ్చింది మీరని మీ అమ్మాయి చెప్పింది. ఎనిమిది నెలల్లో వరసలో ఎవరికీ అంత గట్టిగా ఏదీ అనిపించలేదమ్మా. అందరూ ఒకరికొకరు సమానమైపోయి, చప్పబడిపోతున్నారు. నిన్న మూడొందల మందీ ఇళ్ళకి ఫోన్లు చేసుకున్నారు. మీ భయం ఇంకా మీదిగానే ఉంది."

"నా పిల్లకి ఏమవుతుందండీ?" అంది మంగతాయారు. ఆమెకి కావలసింది అదొక్కటే.

"పట్టీ వేసుకోకపోతే నాలుగైదు రోజుల్లో ఎప్పటిలా అవుతుంది. గింజ పెట్టించుకుంటే..." డాక్టరు గొంతు తగ్గించింది. "నిజం చెప్పాలంటే, అది మాకు కూడా తెలియదమ్మా. మీరు కూడా వస్తానంటే కాగితం పంపిస్తాను. వాళ్ళు మిమ్మల్నే అడుగుతున్నారు."

అడుగుతున్నారనేది నిజమే. హిమజ ఫోనులో చూపించింది. నిన్నటి రెండొందల ఏడు ఎవరు, మళ్ళీ వస్తారా అని వరసగా ఉన్నాయి. నలభై ఒకటో దీపం, కదిరి మనిషి, ఇలా రాశాడు: మా అమ్మ పోయి ఆరేళ్ళయింది, నా కోసం ఎవరైనా భయపడితే ఎలా ఉంటుందో మర్చిపోయా. మంగతాయారు అది కూడబలుక్కుని చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"రెండేళ్ళున్నా కదమ్మా" అంది హిమజ మెల్లగా. "నా గురించి ఎవరూ ఇలా అడగలేదు. అడగడానికి నేను వేరుగా ఉంటే కదా."

ఆ పిల్ల రెండు రోజులు ఏం తినలేదు సరిగా. నాలుగు గంటలయ్యేసరికి వరండాలో అటూ ఇటూ తిరిగేది. మణికట్టు రుద్దుకునేది. సోమవారం పొద్దున కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుని, సంతకం చెయ్యకుండా మడతపెట్టింది.

"నాన్న పడిపోయిన రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుందామని చూశానమ్మా. ఆ వారం విన్న భాగం గుర్తుంది, ముప్పయ్యోది. నాన్న మొహం గుర్తు రావడం లేదు."  వైదేహికి రాలేనని రాసేసింది. పట్టీ తిరిగి పంపమని కవరు వచ్చింది. దాంతో పాటు మంగతాయారు పేరు మీద కొత్త కాగితం కూడా వచ్చింది. కవరు పంపే పని హిమజ తల్లికి అప్పజెప్పింది.

గురువారానికి కూడా కవరు బల్ల మీదే ఉంది.

"ఇంకా పంపలేదా?" అంది హిమజ కాలేజీ నుంచి వస్తూనే.

"గమ్ము అయిపోయింది."

"అమ్మా."

మంగతాయారు ఒళ్ళో చీర అంచు సర్దుకుంది. కూతురి మొహం వంక చూడలేదు. "రేపొక్క శుక్రవారమేనే. ఒక్క గంట. నువ్వు పుట్టాక నువ్వు ఆలస్యమైతే భయపడకుండా కూర్చున్నది ఆ అరగంటే హిమా. ఛాతీ ఇంత తేలిగ్గా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేను రాగానే వాళ్ళందరికీ ఎంత సంతోషమైందో... నువ్వంటావు, వాళ్ళు సంతోషపడింది నువ్వొచ్చావనుకుని అని. తెలుసు. అయినా బాగుంది." ఆమె కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది, తనకి తెలియకుండానే.

హిమజ పక్కనే నేల మీద కూర్చుంది. ఆ తపన ఎలాంటిదో ఈ ఇంట్లో ఆ పిల్లకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? 

"వద్దమ్మా. నాకు భయమేస్తోంది."

"దేనికే?"

"ఏమో. నువ్వలా గోడకి ఆనుకుని కూర్చుంటావు, నేను పిలిస్తే పలకవు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతావు. గ్యాసు ఆపవు. మిషను తొక్కుతూ సూది కింద వేలు పెట్టేస్తావు, నీకు నొప్పి కూడా తెలియదు. నిన్న క్లాసులో కూర్చున్నానే గానీ, ఇంటికొచ్చేసరికి నువ్వు పెట్టేసుకుని ఉంటావేమోనని, గింజ కాగితం మీద సంతకం చేసేసి ఉంటావేమోనని... బస్సులో నిలబడే వచ్చా, కూర్చోబుద్ధి కాలేదు."

మంగతాయారు నోరు తెరిచి వింటోంది. పాలు, గ్యాసు, సూది. తను రోజూ భయాలు ఎంచే వరసే అది. నలభై ఆరేళ్ళలో తన కోసం ఇలా ఎంచినవాళ్ళు లేరు. తల్లికి తీరిక లేదు. మొగుడు నవ్వేవాడు.

లేచి వెళ్ళి సంచీలు కుట్టే పెద్ద సూది తెచ్చింది. పట్టీని, సంతకం పెట్టని తన కాగితాన్ని కవరులో పెట్టి, మామూలు తెల్లదారంతో మూతి కుట్టడం మొదలుపెట్టింది. చెయ్యి రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా హిమజ కవరు కొస గట్టిగా పట్టుకుంది.

"దగ్గర దగ్గరగా కుట్టమ్మా."

కుట్టింది. ముడి వేసి, దారం పంటితో తెంపింది.

"ఇప్పుడు భయం తగ్గిందా?"

"తగ్గలేదు" అంది హిమజ.

మంగతాయారు కవరు పక్కన పెట్టింది. ఆ మాట మళ్ళీ వినాలనిపించి, ఇంకోసారి అడిగింది.